ఎంత ఇంజనుకు అంత గొట్టం

పిల్లలూ!

రోడ్డు పక్కన ఆగి ఉన్న మోటారు కారు వెనక్కు వెళ్లి, కాస్త దూరాన నిలబడి చూడండి. అడుగున ఒక వైపుగా ఇనుప గొట్టం ఒకటి తొంగి చూస్తూ ఉంటుంది. దాన్నే పొగగొట్టం అంటారు. ఇంజను తనకు పనికిరాని వాయువునంతా అందులోంచి బయటికి వదిలేస్తుంది. కారు ముందు భాగానికి జరిగే మర్యాద దీనికి జరగదు. దీపాలు తుడిచేవారున్నారు, అద్దాలు తుడిచేవారున్నారు గాని, పొగగొట్టాన్ని పట్టించుకునేవారు తక్కువ.

అయితే కొందరు కుర్రవాళ్ల దృష్టి దీని మీద పడింది. కారుతో వచ్చిన గొట్టాన్ని పీకేసి, చేతికి పట్టనంత లావు గొట్టాన్ని బిగిస్తున్నారు. "గొట్టం లావైతే పొగ సులువుగా పోతుంది. పొగ సులువుగా పోతే ఇంజనుకు బలం పెరుగుతుంది" అంటారు. ఇంకొకరు వచ్చి, "అదేం కాదు, ఇంజనుకు వెనక నుంచి కొంచెం అడ్డు ఉండాలి. అడ్డు లేకపోతే బలం తగ్గిపోతుంది" అంటారు. ఇద్దరూ బల్ల గుద్ది మరీ చెబుతారు. ఇద్దరి మాటలలోనూ సగం సగం నిజం ఉన్నది. ఆ సగాలు రెండూ ఏరి, అసలు సంగతేమిటో ఈ నెల చూద్దాం.

ఇంజను ఊపిరి ఎలా తీస్తుందో ముందు తెలియాలి. ఇంజను లోపల గుండ్రని గది ఒకటి ఉంటుంది. దాని పేరు సిలిండరు. అందులో పిస్టను అనేది పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. హోలీ నాడు మీరు పట్టుకునే పిచికారీని తలుచుకోండి, చాలు. పిస్టను నాలుగు సార్లు కదిలితే ఒక వరుస పూర్తవుతుంది. మొదటిసారి కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునూ లోపలికి పీలుస్తుంది. రెండోసారి పైకి వస్తూ ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కుతుంది. అప్పుడు నిప్పురవ్వ పడుతుంది. మిశ్రమం భగ్గున మండి, పిస్టనును కిందికి తోస్తుంది. ఇది మూడోసారి. కారును నడిపించే బలమంతా ఈ ఒక్క తోపులోనే ఉన్నది. నాలుగోసారి పిస్టను పైకి వస్తూ, కాలిన వాయువును వాల్వు అనే తలుపు గుండా పొగగొట్టంలోకి నెట్టివేస్తుంది.

పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం. ఇందులో నాలుగోదే మన పాఠం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పిస్టను ఎంత పైకి వచ్చినా సిలిండరు పైకప్పును తాకదు. కొంచెం చోటు మిగిలిపోతుంది. నేటి పెట్రోలు ఇంజన్లలో అది సిలిండరు మొత్తం చోటులో సుమారు పదో వంతు. అందులో చిక్కుకున్న పాత వాయువును పిస్టను తనంతట తాను బయటికి నెట్టలేదు. ఆ పాత వాయువు అక్కడే తిష్ట వేస్తే, కొత్త గాలికి అంత చోటు తగ్గిపోతుంది. అడుగున పాత నీళ్లు ఉంచి కుండ నింపితే కొత్త నీళ్లు తక్కువే పడతాయి గదా! కొత్త గాలి తక్కువైతే మంట తక్కువ, మంట తక్కువైతే బలం తక్కువ.

కాబట్టి పొగగొట్టం చేయవలసిన పనులు రెండు. పిస్టను నెట్టే వాయువుకు అడ్డు రాకుండా దారి ఇవ్వడం ఒకటి. పిస్టను నెట్టలేని ఆ చివరి వాయువును తానే బయటికి గుంజడం రెండోది. మొదటి పనికి గొట్టం లావుగా ఉండాలి. రెండో పనికి మరీ లావుగా ఉండకూడదు. తగువంతా ఇక్కడే ఉన్నది.

ముందు మొదటి పని చూద్దాం. దీనికి కొంచెం లెక్క కావాలి. పలకలు తీయండి.

మీ తాతయ్యో నాన్నగారో మారుతి 800 అనే చిన్న కారు గురించి చెప్పే ఉంటారు. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా ఆ కారు మన దేశంలో తయారయింది. దాని ఇంజనులో మూడు సిలిండర్లు. పిస్టన్లు మూడూ ఒక్కొక్కసారి కిందికి దిగితే, మొత్తం 796 ఘనపు సెంటీమీటర్ల చోటు ఏర్పడుతుంది. అంటే సుమారు ముప్పాతిక లీటరు, ఆపైన కాస్త.

ఆ ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకసారి ఊపిరి వదులుతుంది. అంటే నిమిషానికి 1,500 సార్లు, సెకనుకు 25 సార్లు. మూడు సిలిండర్లూ కలిపి సెకనుకు 75 ఊపిరులు! మీరు "ఒకటి" అని పలికేలోగా డెబ్బై అయిదు.

యాక్సిలరేటరు నిండా తొక్కి ఉంటే, సిలిండర్లు పూర్తిగా నిండుతున్నాయనుకుందాం. 796ను 25తో హెచ్చవేయండి. 19,900 ఘనపు సెంటీమీటర్లు. అంటే సెకనుకు ఇంచుమించు 20 లీటర్ల గాలి లోపలికి పోతున్నది. బయటికి వచ్చేటప్పుడు మాత్రం అది వేడి వాయువు. వాల్వు దాటిన చోట దాని వేడి 600 డిగ్రీల సెల్సియసు అనుకోండి. వేడెక్కిన వాయువు ఉబ్బుతుందని మీరు చదువుకున్నారు. 27 డిగ్రీల గాలి 600 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు మూడింతలు అవుతుంది. కనుక గొట్టంలో ప్రయాణించేది సెకనుకు సుమారు 60 లీటర్లు. పెద్ద బకెట్లతో మూడు బకెట్ల వాయువు ప్రతి సెకనుకూ ఆ గొట్టంలోంచి పోవాలి!

ఇప్పుడు మూడు గొట్టాలు తీసుకుందాం. లోపలి వ్యాసం ఒకదానికి 2 సెంటీమీటర్లు, రెండోదానికి 4, మూడోదానికి 6. ఇవి లెక్క కోసం నేను ఎంచుకున్న కొలతలే గాని, ఆ కారు గొట్టం కొలతలు కావు. గొట్టం నోటి వైశాల్యం వ్యాసార్ధపు వర్గం మీద ఆధారపడుతుంది. వ్యాసం రెట్టింపయితే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. వ్యాసం మూడింతలైతే వైశాల్యం తొమ్మిదింతలవుతుంది. పోవలసిన వాయువు ఒక్కటే గనుక, నోరు ఇరుకైతే అది పరుగెత్తాలి, నోరు విశాలమైతే నింపాదిగా నడవవచ్చు. లెక్క కడితే ఇలా వస్తుంది:

2 సెం.మీ. గొట్టంలో సెకనుకు సుమారు 190 మీటర్లు.
4 సెం.మీ. గొట్టంలో సెకనుకు సుమారు 48 మీటర్లు.
6 సెం.మీ. గొట్టంలో సెకనుకు సుమారు 21 మీటర్లు.

మధ్య గొట్టపు వేగాన్ని గంటకు కట్టి చూడండి. 170 కిలోమీటర్లు దాటుతుంది. 2014లో విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు వీచిన గాలుల వేగం ఇంచుమించు అంత. చిన్న కారు అడుగున అంత తుఫాను దాగి ఉన్నదన్నమాట! ఇవి సగటు లెక్కలు సుమా. నిజానికి వాయువు తెరలు తెరలుగా వస్తుంది. గొట్టం చివరికి వెళ్లేకొద్దీ చల్లబడి, కొంచెం నెమ్మదిస్తుంది కూడా.

ఇక సన్నని గొట్టం సంగతి. అంత వేగంతో దూసుకుపోయే వాయువు గొట్టం గోడలను ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడి వ్యాసాన్ని బట్టి ఎంత చిత్రంగా మారుతుందో చూడండి. పొడవూ, పోయే వాయువూ అంతే ఉండగా వ్యాసం సగానికి తగ్గిస్తే, వాయువును నెట్టడానికి కావలసిన ఒత్తిడి రెండింతలో నాలుగింతలో కాదు, సుమారు 32 ఇంతలవుతుంది! ఆ ఒత్తిడికి ఎదురుగా నెట్టవలసినవాడు ఎవరు? పిస్టనే. దానికి ఆ బలం ఎక్కడినుంచి వస్తుంది? కారును నడపవలసిన బలంలోంచే. అంటే ఇంజను తాను సంపాదించిన దాంట్లో కొంత, తన ఊపిరి తాను వదలడానికే ఖర్చు పెట్టుకుంటుంది. పైగా పాత వాయువు పూర్తిగా పోదు. ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది. కనుక గొట్టం సన్నమైతే నష్టమే. మొదటి కుర్రవాడి మాటలో సగం నిజం ఇదే.

మరి అలాగైతే గొట్టాన్ని డ్రమ్ము అంత లావు చేస్తే సరిపోదా? సరిపోదు. ఎందుకో మీ ఇంట్లోనే తెలుసుకోవచ్చు.

పాత నోటుపుస్తకం నుంచి మూడు కాగితాలు తీసుకోండి. ఒకదాన్ని చీపురుపుల్లకు, ఒకదాన్ని పెన్సిలుకు, ఒకదాన్ని అప్పడాల కర్రకు బిగుతుగా చుట్టి, అంచు జిగురుతో అంటించి, లోపలి కర్ర తీసేయండి. మూడు గొట్టాలు తయారు. బల్ల మీద ఒక జానెడు దూరంలో చిన్న చిన్న కాగితపు ముక్కలు పోయండి. ఒక్కొక్క గొట్టం నోట పెట్టుకుని, ఒకే తీరుగా ఒక ఊపిరి ఊదండి. చీపురుపుల్ల గొట్టంలో ఊదితే బుగ్గలు ఉబ్బుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఊపిరి మాత్రం సగం లోపలే ఉంటుంది. అప్పడాల కర్ర గొట్టంలో ఊపిరి హాయిగా పోతుంది, కాని కాగితపు ముక్కలు పెద్దగా కదలవు. పెన్సిలు గొట్టంలో ఊదారా, ముక్కలన్నీ ఎగిరి అవతల పడతాయి!

అమ్మమ్మ కట్టెల పొయ్యి ఊదే గొట్టాన్ని మీలో కొందరు చూసి ఉంటారు. అది ఆ లావే ఎందుకున్నదో ఏ పుస్తకమూ చెప్పకుండానే పెద్దవాళ్లకు తెలుసు. ఊపిరికి దారి ఉండాలి, ఆ ఊపిరిలో వడి కూడా ఉండాలి.

ఇంజను ఊపిరికి వడి ఎందుకు? నిప్పు రాజేయడానికి కాదు గదా! ఇక్కడే రెండో పని వస్తుంది. కదిలే వస్తువు కదులుతూనే ఉండాలని చూస్తుంది. దానినే జడత్వం అంటారు. వేగంగా నీళ్లు పడే కుళాయిని చటుక్కున కట్టేస్తే గొట్టంలో ధన్‌మని చప్పుడు వినిపిస్తుంది. పరుగెత్తే నీళ్లు ఆగడానికి ఇష్టపడక తలుపును గుద్దిన చప్పుడది. వాయువు నీటి కంటే చాలా తేలిక, అయినా దానికీ ఈ గుణం ఉన్నది. రోడ్డు మీద లారీ వడిగా వెళ్లిపోతే, ఎండుటాకులు దాని వెనకాల పరుగెత్తడం మీరు చూడలేదూ? ముందుకు దూసుకుపోయినది వెనక కొంచెం వెలితిని వదులుతుంది. ఆ వెలితిలోకి చుట్టుపక్కల గాలి లాక్కుపోతుంది.

పొగగొట్టంలోనూ అంతే. ఒక సిలిండరు ఊపిరి వడిగా దూసుకుపోతే, దాని వెనక ఒత్తిడి కొంచెం తగ్గుతుంది. పిస్టను నెట్టలేని ఆ పదో వంతు పాత వాయువు అప్పుడు బయటికి గుంజుకుపోతుంది. సరిగ్గా ఆ సమయానికి కొత్త గాలి తలుపు కూడా కొంచెం తెరుచుకుని ఉంటుంది గనుక, కొత్త గాలి కూడా కొంచెం చొరవగా లోపలికి వస్తుంది. ఖర్చు లేకుండా దొరికిన సాయం ఇది. గొట్టం మరీ లావైతే వాయువు నింపాదిగా, చల్లబడుతూ, బద్ధకంగా పోతుంది. వెనక వెలితి ఉండదు, గుంజుడు ఉండదు. ముఖ్యంగా ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, అంటే వీధిలో, మలుపులో, ఎత్తు ఎక్కేటప్పుడు, కారు కాస్త నీరసపడుతుంది.

రెండో కుర్రవాడు చూసింది ఈ నీరసాన్నే. చూసినది నిజం, చెప్పిన కారణం తప్పు. "అడ్డు పోయింది గనుక బలం పోయింది" అనుకున్నాడు. అడ్డు వల్ల ఏ ఇంజనుకూ మేలు లేదు పిల్లలూ! పోయింది అడ్డు కాదు, వడి. తక్కువ అడ్డు, తగినంత వడి, ఈ రెండూ కలిసిన కొలతే మంచి కొలత.

ఇంకో మాట. ఈ వడి సంగతంతా సిలిండరుకు దగ్గరగా ఉండే గొట్టాలలోనే ఎక్కువ. ఒక్కొక్క సిలిండరు నుంచి ఒక్కొక్క పిల్లగొట్టం బయలుదేరి, కొంత దూరం పోయాక అన్నీ ఒకటవుతాయి. ఆ పిల్లగొట్టాల లావూ పొడవూ చాలా జాగ్రత్తగా కొలిచి పెడతారు. అవి కలిసిన తరువాత కారు వెనకదాకా పోయే గొట్టానికి దారి ఇవ్వడమే ముఖ్యమైన పని. అందుచేత చివరన తగిలించే ఆ లావు గొట్టపు ముక్క వల్ల నష్టం ఎంతో ఉండదు, లాభమూ ఎంతో ఉండదు. బరువు పెరుగుతుంది, మోత పెరుగుతుంది, స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు కింద గీసుకుంటుంది. అంతే!

గొట్టం పొడవు సంగతి కూడా చెప్పుకుందాం. దిగుడుబావిలోకి "ఓయ్" అని అరిస్తే తిరిగి "ఓయ్" అని వినిపిస్తుంది గదా. పొగగొట్టంలోనూ ఇలాంటి ప్రతిధ్వని ఉన్నది. వాల్వు తెరుచుకోగానే వాయువుతోపాటు ఒక ఒత్తిడి కెరటం బయలుదేరుతుంది. మన గాలిలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతే, ఆ వేడి వాయువులో ఈ కెరటం సుమారు 550 మీటర్లు పోతుంది. అది గొట్టం విప్పారిన చోటికి చేరగానే వెనక్కు తిరుగుతుంది. విచిత్రమేమిటంటే, పోయేటప్పుడు నెట్టుడుగా పోయినది, వచ్చేటప్పుడు గుంజుడుగా వస్తుంది! ఆ గుంజుడు సరైన వేళకు సిలిండరు దగ్గరకు వస్తే పాత వాయువును లాగేస్తుంది.

సరైన వేళ ఏది? పిల్లగొట్టం పొడవు 90 సెంటీమీటర్లు అనుకోండి. పోయి రావడానికి 180 సెంటీమీటర్లు. దానికి సెకనులో వెయ్యో వంతులు మూడు పైచిలుకు పడుతుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనుకు ఆ కాస్త కాలంలో మూడో వంతు చుట్టు పూర్తవుతుంది. 3,000 చుట్ల ఇంజనుకు ఆరో వంతు చుట్టే అవుతుంది. చూశారా! ఒకే గొట్టం, ఒక వేగంలో వేళకు వచ్చి సాయపడుతుంది, ఇంకో వేగంలో వేళగాని వేళ వస్తుంది. ఉయ్యాల ఊపేవాడు సరైన క్షణంలో తోస్తే ఉయ్యాల పైకి లేస్తుంది. వేళ తప్పి తోస్తే ఊగే ఉయ్యాల ఆగిపోతుంది. తోసే బలం ఒక్కటే, వేళలోనే ఉన్నది కిటుకు. అందుకనే పందెం కారు గొట్టాలు ఊళ్లో తిరిగే కారుకు పనికిరావు. పందెం కారు ఎప్పుడూ అధిక వేగంలోనే తిరుగుతుంది. మన కారు కూరగాయల బజారుకు పోవాలి, బడికి పోవాలి.

గొట్టం విలువ ఎంతో తెలిపే నిజమైన కథ ఒకటి చెబుతాను.

జర్మనీ రెండుగా చీలి ఉన్న రోజులలో, తూర్పు జర్మనీలోని చోపావ్ అనే చిన్న ఊళ్లో ఎమ్.జెడ్. అనే మోటారు సైకిళ్ల కర్మాగారం ఉండేది. అక్కడ వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు పందెపు మోటారు సైకిళ్లు తయారుచేసేవాడు. అవి రెండు తోపుల ఇంజన్లు, అంటే టూ స్ట్రోకు ఇంజన్లు. వాటిలో కొత్త మిశ్రమం లోపలికి వచ్చే వేళా, పాత వాయువు బయటికి పోయే వేళా ఒక్కటే. అందువల్ల కొత్త మిశ్రమం కూడా కొంత పాతదానితో కలిసి గొట్టంలోకి జారిపోతుంది. కాడెన్ ఆ గొట్టం ఆకారం మీద ఏళ్ల తరబడి శ్రమించాడు. మొదట గరాటులాగా విప్పారి, తరువాత తిరగేసిన గరాటులాగా సన్నబడే గొట్టం అది. విప్పారిన చోటు నుంచి గుంజుడు కెరటం వెనక్కు వచ్చి పాత వాయువును లాగేస్తుంది. సన్నబడిన చోటు నుంచి నెట్టుడు కెరటం వెనక్కు వచ్చి, జారిపోతున్న కొత్త మిశ్రమాన్ని మళ్లీ సిలిండరులోకి తోసేస్తుంది. 1961 నాటికి కాడెన్ తయారుచేసిన 125 ఘనపు సెంటీమీటర్ల ఇంజను 25 అశ్వశక్తిని ఇచ్చింది. అంటే లీటరుకు 200 అశ్వశక్తి! గాలిని బలవంతాన లోపలికి తోసే యంత్రమేదీ లేకుండా అంత శక్తి అంతకు ముందు ఏ ఇంజనూ ఇవ్వలేదు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఎమ్.జెడ్. పందెగాడు ఎర్నెస్టు డెగ్నర్ స్వీడనులో జరిగిన పందేనికి వెళ్లి, మళ్లీ తన దేశానికి తిరిగి రాలేదు. జపానులోని సుజుకి కంపెనీలో చేరాడు. ఆ గొట్టం రహస్యం కూడా అతని వెంటే వెళ్లింది. మరుసటి ఏడు, 1962లో, సుజుకి బండి మీద అతడు 50 ఘనపు సెంటీమీటర్ల తరగతిలో ప్రపంచ విజేత అయ్యాడు. పందెపు బళ్లలో సుజుకికి అది మొదటి ప్రపంచ విజయం. ఏళ్ల తరబడి ఒక ఇంజనీరు చేసిన శ్రమ ఇలా చేతులు మారింది. ఇందులో గెలుపు ఎవరిది, నష్టం ఎవరిది అన్నది మీరే ఆలోచించండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. కాడెన్ గొట్టాన్ని లావు చేసి ఊరుకోలేదు. కొలిచాడు, పరీక్షించాడు, మార్చాడు, మళ్లీ కొలిచాడు.

ఇప్పటి కార్ల సంగతికి వద్దాం. నేటి పెట్రోలు కారు పొగగొట్టం వట్టి గొట్టం కాదు. దారిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలు పూసిన తేనెపట్టు లాంటి డబ్బా ఒకటి ఉంటుంది. విషవాయువులను అది చాలావరకు మార్చివేస్తుంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి ముందు నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు దాన్ని తప్పనిసరి చేశారు. పొగలో ఆక్సిజను ఎంత మిగిలిందో కొలిచి ఇంజనుకు కబురు చెప్పే చిన్న పరికరం కూడా గొట్టంలోనే ఉంటుంది. ఆ కబురును బట్టి ఇంజను పెట్రోలు మోతాదు సరిచేసుకుంటుంది. ఇవేమీ తెలియకుండా గొట్టం కోసి పారేస్తే, ఆ విషం మనమే పీల్చాలి, లెక్క తప్పిన ఇంజను పెట్రోలు ఎక్కువ తాగినా ఆశ్చర్యం లేదు.

మరి ఆ మోత? బలం పెరిగినందువల్లే మోత పెరిగిందని కొందరు భ్రమపడతారు. సెకనుకు 75 సార్లు వచ్చే ఒత్తిడి తెరలను సైలెన్సరు తన లోపలి గదులలోనూ, చిల్లుల గొట్టాలలోనూ తిప్పి మెత్తబరుస్తుంది. అది తీసేస్తే ఆ తెరలు సరాసరి మన చెవులను తాకుతాయి. చెవికి ఎక్కువ వినిపించిందే గాని చక్రానికి చేరిన బలం ఎక్కువని దానికి అర్థం కాదు. నిండు కుండ తొణకదు అని ఊరికే అన్నారా!

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే తిరిగి మొలవవు. బండి నడిపేవాడు క్షణంలో వీధి దాటిపోతాడు. ఆ వీధిలో జ్వరంతో పడుకున్న ముసలివారు, అప్పుడే కన్ను మూసిన పసిపిల్ల, పరీక్షకు చదువుకునే విద్యార్థి అక్కడే ఉంటారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 120వ నియమం ప్రతి మోటారు వాహనానికీ సైలెన్సరు ఉండాలంటున్నది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద, 2019 సవరణ తరువాత, శబ్ద కాలుష్యానికి మొదటి తప్పుకే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కష్టపడి కూడబెట్టిన డబ్బుతో మోతను కొని, ఆ మోతకు మళ్లీ జరిమానా కట్టడం తెలివైన బేరమేనా?

ఇంకొక్క మాట, ఇది అన్నిటికంటె ముఖ్యం. పొగగొట్టం వాయువులో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ఆక్సిజనును మోసే పదార్థానికి అది ఆక్సిజను కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మనిషికి నిద్ర ముంచుకొచ్చినట్టే ఉంటుంది గాని ప్రమాదం తెలియదు. కనుక తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. పొగగొట్టం నోటికి మట్టి గాని, గుడ్డ గాని అడ్డుపడితే, ఇంజను వేయకముందే పెద్దవాళ్లతో తీయించాలి. తుప్పు పట్టి చిల్లి పడిన గొట్టం ఉన్న కారులో, ఇంజను తిరుగుతూ ఉండగా అద్దాలన్నీ మూసుకుని నిద్రపోకూడదు. ఆటకైనా సరే, గొట్టం దగ్గర ముఖం పెట్టకూడదు, చేయి పెట్టకూడదు. అది పొయ్యి మీది పెనంలా కాలుతూ ఉంటుంది.

మీ అన్నయ్య గాని, చిన్నాన్న గాని లావు గొట్టం కోసం డబ్బు కూడబెడుతూ ఉంటే, వాళ్లతో పోట్లాడకండి. ఈ పేజీ చూపించి, కాగితపు గొట్టాలు మూడూ చేతికిచ్చి ఊదమనండి. చెప్పి ఒప్పించడం కంటె చూపి ఒప్పించడం మేలు.

ఇక ఇంటి లెక్క. ఒక గొట్టం లోపలి వ్యాసం 3 సెం.మీ., మరొకదానిది 5 సెం.మీ. రెండింటిలోనూ సెకనుకు 45 లీటర్ల వాయువు పోతున్నది. ఒక్కొక్కదానిలో వాయువు వేగమెంత? ఏ గొట్టంలో ఎన్ని రెట్లు ఎక్కువ? లెక్క చేసి మీ మాష్టారికి చూపించండి. చేస్తూ చేస్తూ, ఎంత చెట్టుకు అంత గాలి అని మన పెద్దలు అన్న మాట ఒకసారి తలుచుకోండి.